ఎవరినడిగింది ఈ స్మార్ట్ నగరం?

2015 జూన్ 25న కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ సిటీస్ మిషన్‌ను ప్రారంభించింది. వంద నగరాలను ఎంపిక చేసి ఒక్కో నగరానికి ఐదేళ్లలో అయిదు వందల కోట్ల రూపాయల దాకా ఇస్తామంది. అంతే మొత్తాన్ని రాష్ట్రమూ, స్థానిక సంస్థా కలిసి సమకూర్చుకోవాలంది. ఈ డబ్బు కోసం నగరాలు పోటీపడాలి. పోటీకి పంపే ప్రతిపాదనలో ప్రజలను ఎలా సంప్రదించారో రాయాలి, దానికీ మార్కులుంటాయి. అలా 'ప్రజలనడగటం' అనేది పోటీపరీక్షలో ఒక ప్రశ్న అయింది.

ఆ ప్రశ్నకు మన తెలుగు నగరాలు జవాబు రాసిన కాలాన్ని స్త్రీల వైపు నుంచి చూడాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం. నేను చదువుకున్నది సాహిత్యం. నగర ప్రణాళిక, సెన్సర్లు, కంట్రోల్ రూములు నా శాస్త్రం కాదు. కానీ దరఖాస్తు కూడా ఒక పాఠమే. అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి తరఫున మాట్లాడుతున్నారు, ఏ మాటకు చోటుంది, ఏ మాట అందులో పట్టదు అని అడగటం స్త్రీవాద విమర్శ మనకు నేర్పిన పనే.

ఆ ప్రతిపాదన పత్రం వరుస ప్రశ్నలతో, ఒక్కో జవాబుకు ఇన్ని మాటలని పరిమితితో ఉంటుంది. ప్రజలను ఎంతమేరకు కలుపుకున్నారు, ఏ పద్ధతుల్లో, ఏ మాధ్యమాల ద్వారా, పత్రికల్లో ఎంత వచ్చింది, వాళ్ల అభిప్రాయాలు ప్రణాళికలోకి ఎలా వచ్చాయి అని అడుగుతుంది. మంచి ప్రశ్నలే. కానీ జవాబు ఇంగ్లీషులో. ఒకామె తన వీధి సమావేశంలో తెలుగులో చెప్పిన మాట ముందు రాసుకునేవాళ్ల మాటగా, తర్వాత కన్సల్టెంటు ఇంగ్లీషుగా, చివరికి పట్టికలో ఒక అంకెగా మారుతుంది. మూడు అనువాదాలు దాటాక ఆమె గొంతు ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. అంతకన్నా ముఖ్యమైంది, ఆ జవాబు ఎవరికి చేరుతుందన్నది. మాట చెప్పిన మనిషికి కాదు, ఢిల్లీలో మార్కులు వేసేవాళ్లకి.

మరో సంగతి ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి 2016 జనవరి 28న ప్రకటించిన తొలి ఇరవై నగరాల జాబితాలో విశాఖపట్నం ఎనిమిదో స్థానంలో, కాకినాడ పద్నాలుగో స్థానంలో నిలిచాయి. అదే ఏడాది సెప్టెంబరులో తిరుపతి చేరింది. ఈ మూడు చోట్లా ప్రజల్ని అడుగుతున్న రోజుల్లో ప్రజలు ఎన్నుకున్న కౌన్సిల్ లేదు. విశాఖలో కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. కాకినాడలో 2010లో ముగిసిన కౌన్సిల్ స్థానంలో కొత్తది 2017లో వచ్చింది. 2007లో కార్పొరేషన్‌గా మారిన తిరుపతికి తొలి కార్పొరేషన్ ఎన్నిక 2021 దాకా జరగనేలేదు. అన్నాళ్లూ స్పెషలాఫీసర్ల పాలన.

ఇప్పుడు ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఓటు వేసి తన ప్రతినిధిని పంపుకునే అవకాశం ఏళ్ల తరబడి లేని స్త్రీని పిలిచి 'మీ నగరం ఎలా ఉండాలో చెప్పండమ్మా' అన్నారు. ఆమె సలహా ఇవ్వగలిగింది. ఆ సలహా ఏమైందని నిలదీయటానికి వార్డులో ఆమెకు ఎవరూ లేరు. సంప్రదింపు ప్రాతినిధ్యానికి తోడుగా రావాల్సింది, దాని స్థానంలోకి వచ్చి కూర్చుంది.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. కాకినాడకు 2017లో సుంకర పావని మేయరయ్యారు. 2021లో విశాఖకు గొలగాని హరి వెంకటకుమారి, తిరుపతికి డాక్టర్ శిరీష మేయర్లయ్యారు. కార్పొరేటర్ స్థానాల్లో సగం స్త్రీలవి. మూడు నగరాల్లోనూ మేయర్ పీఠం మీద స్త్రీలు కూర్చునే వేళకు ప్రణాళిక ఆమోదం పొంది ఏళ్లయింది. అమలు చేసేది కార్పొరేషన్ కూడా కాదు, దాని కోసం కంపెనీల చట్టం కింద పెట్టిన ప్రత్యేక సంస్థ. స్మార్ట్ సిటీ పనులకు సంబంధించిన కౌన్సిల్ అధికారాలను ఈ సంస్థకు అప్పగించమని మిషన్ మార్గదర్శకాలే ప్రోత్సహించాయి. ఇంటి తాళంచెవి ఆడవాళ్ల చేతికి వచ్చేసరికి ఇనప్పెట్టె మరోచోటికి తరలిపోయినట్టయింది. ఇది ఎవరో కూర్చుని చేసిన కుట్ర అని నేను అనటం లేదు. స్త్రీలు వచ్చే తలుపు, నిర్ణయాలు జరిగే గది వేరువేరు చోట్ల ఉండటం మన వ్యవస్థల్లో ఎంత మామూలు విషయమో చెప్తున్నాను.

ఈ కథ 2015లో మొదలు కాలేదు. 'స్మార్ట్' అన్న మాట నగరాలకు అతుక్కోవటంలో ఐబీఎం లాంటి కంపెనీలు 2008 నుంచి చేసిన ప్రచారానికి పెద్ద పాత్ర ఉంది. తెలుగువాళ్లం ఆ మాటను అంతకు పదేళ్ల ముందే విన్నాం. మెకిన్సే సాయంతో తయారై 1999లో విడుదలైన విజన్ 2020 రోజుల్లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం 'స్మార్ట్ గవర్నమెంట్' అనేది. ఇంగ్లీషులో ఆ అయిదు అక్షరాలకు సరళం, నైతికం, జవాబుదారీతనం, స్పందన, పారదర్శకత అని అర్థం చెప్పేవారు. 1997లో మొదలైన జన్మభూమి సభల్లో ప్రజలను అడగటం ఒక వైపు, కంప్యూటరు ఇంకో వైపు నడిచాయి. 1999 చివర్లో హైదరాబాదులో ట్విన్స్ అనే ప్రయోగం, 2001 ఆగస్టులో దాని నుంచి ఈ-సేవ వచ్చాయి. విశాఖ కార్పొరేషన్ అంతకు కొంచెం ముందే 'సౌకర్యం' పేరుతో పన్నుల చెల్లింపునూ ఫిర్యాదులనూ కంప్యూటర్లోకి తెచ్చింది. ఆ కాలంలో విశాఖ మేయర్ కూడా ఒక స్త్రీ, రాజాన రమణి.

ఈ-సేవ వల్ల స్త్రీలకు మేలు జరగలేదని అనలేం. కరెంటు బిల్లుకో, జనన ధ్రువపత్రానికో ఆఫీసులో మగ గుమాస్తా ముందు చేతులు కట్టుకు నిలబడటం తగ్గింది. పశ్చిమ గోదావరిలో డ్వాక్రా మహిళలే ఆ కేంద్రాలను నడిపారు. కంప్యూటరు ముందు ఊరి స్త్రీ కూర్చున్న దృశ్యం అప్పట్లో చిన్న విషయం కాదు. కానీ ఈ ఏర్పాటులో స్త్రీకి రెండే పాత్రలున్నాయి. బిల్లు కట్టే మనిషి, బిల్లు తీసుకునే మనిషి. బిల్లు ఎంత ఉండాలి, దేనికి ఉండాలి అని నిర్ణయించే చోట ఆమె కోసం కుర్చీ వెయ్యలేదు. పౌరురాలు మెల్లగా వినియోగదారు అయింది. 2005 డిసెంబరులో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్ ఈ లోటును గుర్తించింది. నిధులు కావాలంటే ప్రజా భాగస్వామ్య చట్టం చెయ్యాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. వార్డు స్థాయిలో, దాని కింది స్థాయిలో జనం కూర్చుని మాట్లాడుకునే వేదికల ఊహ అది. పదేళ్ల తర్వాత స్మార్ట్ మిషన్ వచ్చేసరికి ఆ వేదికల స్థానంలో మైగవ్ వెబ్‌సైటులో చర్చలూ పోల్సూ ప్రముఖమయ్యాయి.

వెబ్‌సైటు అందరిదీ కదా, ఆడా మగా తేడా లేదు కదా అనవచ్చు. లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. స్మార్ట్ నగరాల కోసం ప్రజల్ని ఆన్‌లైన్లో అడిగిన నాలుగైదేళ్ల తర్వాతి పరిస్థితి ఇది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే చెప్పిందేమిటంటే, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఫోను చేతిలో లేకపోవటం ఒక అడ్డంకి. ఫోనున్నా తీరిక లేకపోవటం ఇంకొకటి. సలహా ఇవ్వటానికి కూడా టైముండాలి.

మరి స్త్రీల కోసం ప్రత్యేకంగా అడిగినప్పుడు ఏమైంది? ప్రశ్న దాదాపుగా ఒకే రూపంలో వచ్చింది, భద్రత. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత ఇది సహజమే. జవాబు కూడా ఒకే రూపంలో వచ్చింది, కెమెరా. జనం గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లోనే ప్రజాభద్రతా చట్టం చేసింది. స్మార్ట్ నగరాలన్నిటిలోనూ కెమెరాలన్నీ వచ్చి కలిసే కమాండ్ కంట్రోల్ సెంటర్ ముఖ్యమైన కట్టడమైంది. స్త్రీలు 'భయంగా ఉంది' అన్నప్పుడు ఆ మాటలో చాలా ఉంటాయి. వీధిదీపం లేదు, చివరి బస్సు లేదు, మరుగుదొడ్డి లేదు, పని దగ్గర్నుంచి ఆలస్యంగా వదులుతున్నారు. వీటిలో కొన్నిటికి జవాబు దొరికింది. హుద్‌హుద్ తుపాను తర్వాత 2015లో విశాఖ వీధిదీపాలు ఎల్‌ఈడీలుగా మారటం నిజమైన మేలే. కానీ మొత్తంగా స్త్రీ భయాన్ని అర్థం చేసుకునే పని కన్నా స్త్రీని చూస్తూ ఉండే పని తేలిక అనిపించింది. చూపు రాజకీయాల గురించి ఇన్నేళ్లుగా రాస్తున్న మనం దీన్ని గమనించకుండా ఎలా ఉంటాం?

నగరాల సంగతి పక్కన పెట్టి మా వైపుకు వస్తాను. మా ఊరు ఆమడగూరు, కర్ణాటక సరిహద్దు దగ్గర. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పేరు ఎలా పుట్టిందన్నది పక్కన పెడితే, అందులో వినిపించే 'ఆమడ' పాతకాలపు దూరం కొలత. ఆ కొలత మా స్త్రీల జీవితాలకు బాగా నప్పుతుంది. సంతకు కదిరి, పనికి హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీలు, వాన లేని ఏడు బెంగళూరు. పౌరులు అన్న మాటలో పురం ఉంది. పురంలో ఉండేవాళ్లు పౌరులు. తెల్లారక ముందు బస్సెక్కి పట్టణానికి వెళ్లి, దాని వీధుల్లో పూలో కూరగాయలో అమ్మి, దాని ఫ్యాక్టరీలో కుట్టి, దాని మరుగుదొడ్డి కోసం వెతికి, రాత్రికి పల్లెకు చేరే స్త్రీ ఏ పట్టణానికీ నివాసి కాదు. నివాసుల అభిప్రాయం అడిగే ఏ సర్వేలోనూ ఆమె ఉండదు. పట్టణం ఆమె ఒంటితో నడుస్తుంది, ఆమె లెక్కతో కాదు.

ఈ ప్రాంతానికి పట్టణ సాంకేతికత కొత్తది కాదు. గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికిన 1388 నాటి ఒక శాసనం, విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండకు నీళ్లు తేవాలని ఆజ్ఞాపిస్తే సింగయభట్టు అనే జలసూత్ర నిపుణుడు పెన్న నుంచి సిరువేర చెరువుకు కాలువ తవ్వించాడని చెప్తుంది. కాలువకు రాజు పేరు పెట్టారు, తవ్వించినవాడి పేరు చెక్కారు. మట్టి మోసినవాళ్ల పేర్లు, ఆ నీళ్లను ఇళ్లకు మోసినవాళ్ల పేర్లు శాసనంలో ఉండవు, ఉంటాయని మనం ఆశించం కూడా. ఆరు వందల ఏళ్లు దాటాక, స్మార్ట్ మిషన్‌తో పాటే అదే రోజున మొదలైన అమృత్ పథకం కింద, లక్ష దాటిన జనాభా ఉన్న పట్టణాలుగా హిందూపురం, ధర్మవరం ఎంపికయ్యాయి. పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు నుంచి హిందూపురానికి పైపులైను వచ్చింది. బిందెలతో, ట్యాంకర్లతో ఏళ్లు గడిపిన ఊరికి అది ఎంత పెద్ద సంగతో ఆ ఊరి ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది.

నీళ్ల విషయంలో స్త్రీలకు తెలిసినంత ఏ సెన్సరుకూ తెలియదు. ఏ వీధి కుళాయికి ఎన్నింటికి వస్తాయి, ఏ చివరింటికి ధార సన్నబడుతుంది, ఏ రోజు రంగు మారుతుంది, కరెంటు పోతే ఎన్ని గంటలు ఆగుతుంది అన్నది వాళ్ల ఒంట్లో ఉన్న సమాచారం. ఇది 'డేటా' కాకపోవటానికి సాంకేతిక కారణమేమీ లేదు. దాన్ని జ్ఞానంగా గుర్తించకపోవటమే కారణం. ఇదే స్త్రీ అదే విషయాన్ని చెప్తే రికార్డులో 'ఫిర్యాదు' అవుతుంది. ఇంజినీరు చెప్తే 'అంచనా' అవుతుంది. ఫిర్యాదు పరిష్కారమైతే మూసేస్తారు. అంచనా ప్రణాళికలోకి వెళ్తుంది.

మా వైపు ఒక పట్టణంలో పూలు అమ్మే పెద్దామెను ఒకసారి అడిగాను, మీ దగ్గరికి ఎవరైనా వచ్చి ఏం కావాలని అడిగారా అని. "అడక్కేమి పాపా, శానాసార్లు అడిగినారు. రాసుకున్యారు, పోయినారు. ఇస్తామనీ చెప్పల్యా, ఇయ్యమనీ చెప్పల్యా," అంది. ఈ మాట నాకు చాలా పుస్తకాల కన్నా ఎక్కువ నేర్పింది. ఇవ్వలేదని ఆమె బాధపడటం లేదు. ఇవ్వం అని కూడా తనకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదన్నదే ఆమె అభ్యంతరం. కాదు అని చెప్పించుకోవటం కూడా పౌరహక్కే.

నిజంగానే శానాసార్లు అడిగారు. 2016 జులైలో స్మార్ట్ పల్స్ సర్వే అనే ప్రజాసాధికార సర్వే కోసం ఇంటింటికీ ట్యాబులు పట్టుకుని వచ్చారు. 2019 ఆగస్టు నుంచి గ్రామాల్లో యాభై ఇళ్లకు ఒక వలంటీరు, అక్టోబరు నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. వలంటీర్ల వ్యవస్థ 2024 తర్వాత కొనసాగలేదు. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. ఒకదాని కన్నా ఒకటి గడపకు దగ్గరగా వచ్చాయి. పెన్షన్ కోసం ముసలామె మండలాఫీసుకు నడవక్కర్లేని రోజుల విలువను నేను తక్కువ చెయ్యను. అయినా వీటన్నిటిలోనూ సమాచారం ఇంటి నుంచి పైకి, పథకం పైనుంచి ఇంటికి నడుస్తాయి. పక్కింటికీ పక్కింటికీ మధ్య నడవవు. వీధిలోని పదిమంది స్త్రీలు కలిసి ఒక మాట మీదికి వచ్చే చోటు వీటిలో లేదు. సాంకేతికత మనల్ని ఒక్కొక్కరిగా కలుస్తోంది, గుంపుగా కలవటం లేదు.

గుంపుగా కలిసినప్పుడు ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదవటం, రాయటం నేర్పాలనుకుంది. వాచకంలో సీతమ్మ కథ చదివిన స్త్రీలు తమ ఊరి సారా దుకాణం గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట నుంచి అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. సారా గురించి వాళ్ల అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. అడిగినదానికి జవాబు చెప్పటంతో ఆగకుండా ప్రశ్ననే మార్చేశారు వాళ్లు. ప్రజాభిప్రాయం అంటే నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఇదే.

'కౌన్సిళ్లు ఉంటే మాత్రం ఏమి ఒరిగేది, కౌన్సిలరమ్మ కుర్చీలో భర్తే కదా కూర్చునేది' అని నా స్నేహితులు అడుగుతారు. అబద్ధం కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం. కానీ కౌన్సిల్‌లో మినిట్స్ పుస్తకం ఉంటుంది. ఎవరు అడిగారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అన్నది అందులో రాయాలి. అయిదేళ్లకోసారి ఓటు దగ్గర జవాబు చెప్పాలి. భర్త కూర్చున్న కుర్చీ మీద కూడా భార్య పేరే ఉంటుంది, ఏదో ఒక రోజు ఆమె వచ్చి కూర్చుంటుంది. వచ్చి కూర్చున్నవాళ్లను మనం చూశాం. కుర్చీయే లేని చోట కూర్చోవటం ఎలా?

సాంకేతికతతోనే దీన్ని సరిగ్గా చేసినవాళ్లూ ఉన్నారు. విశాఖ, కాకినాడల పేర్లు ప్రకటించిన కొద్ది రోజులకే, 2016 ఫిబ్రవరిలో, బార్సిలోనా నగరం డెసిడిమ్ అనే వేదికను తెరిచింది. అప్పుడు అక్కడి మేయర్ అదా కొలావ్, ఇళ్ల నుంచి గెంటివేతలకు వ్యతిరేకంగా పోరాడి వచ్చిన స్త్రీ. నగర కార్యాచరణ ప్రణాళిక మీద పది వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. ఆన్‌లైన్‌తో పాటు వాడల్లో సమావేశాలూ జరిగాయి. ముఖ్యమైంది ఏమిటంటే, ఒప్పుకున్నవాటికీ తిరస్కరించినవాటికీ కూడా జవాబు రాసి అందరికీ కనబడేలా పెట్టారు. మా పూలమ్మే పెద్దామె అడిగింది సరిగ్గా ఇదే. అందుకు బార్సిలోనా అంత డబ్బు అక్కర్లేదు. వార్డు సచివాలయం గోడ మీద ఒక బోర్డు చాలు, ఎవరేమడిగారు, ఏం నిర్ణయించారు, ఎందుకు అని.

స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. వేరే పేర్లతో వేరే ప్రణాళికలు వస్తాయి. 2020లో నగర పంచాయతీ అయిన పెనుకొండ లాంటి చిన్న ఊళ్లకూ వస్తాయి. వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పేది మూడు లక్షలకు పైబడిన జనాభా ఉన్న చోటే కాబట్టి, హిందూపురం, ధర్మవరం స్త్రీలకు రాజ్యాంగంలో ఆ మాత్రం హక్కు కూడా రాసి లేదు. దాన్ని అడగాలి. ఊళ్లోకి రోజూ వచ్చిపోయే స్త్రీలను కూడా ఆ ఊరి మనుషులుగా లెక్కించమని అడగాలి. ఎన్నికైన కౌన్సిల్ లేని ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో ప్రణాళిక ఖరారు చెయ్యకూడదని అడగాలి.

ఇందులో మనకీ పనుంది. స్త్రీల చరిత్ర కోసం మనం ఆత్మకథలు వెతికాం, పాత పత్రికలు తిరగేశాం, మరిచిపోయిన రచయిత్రులను వెలికితీశాం. మునిసిపాలిటీ మినిట్స్ పుస్తకాలు, ఫిర్యాదుల రిజిస్టర్లు, పక్కన పడేసిన సర్వే ఫారాలు కూడా స్త్రీలు మాట్లాడిన పాఠాలే. అవి పాడైపోకముందే, పాస్‌వర్డ్ వెనక్కి వెళ్లిపోకముందే చదవటం మొదలుపెట్టాలి.